రెండు నెమళ్ల అంచు

19 ఆగస్టు 1985, సోమవారం

గుండప్పా,

నీ పేరు నరసింహప్ప అని రాత్రి బడి టీచరు పలక మీద రాసి చూపించింది గానీ నా చేతికి ఇదే వస్తుంది. పుట్టినప్పుడు గుండులా ఉండేవాడివి. పెద్దయ్యాక చింత బరికెలా అయ్యావు, పేరు మాత్రం మిగిలిపోయింది.

నువ్వు పోయి రెండు వారాలు దాటింది. కామెర్లు. అనంతపురం డాక్టరు ఇంకా ముందే తీసుకురావాల్సింది అన్నాడు. ఎవరిని అని ఏం లాభం.

నువ్వు చదవవు, నాకు తెలుసు. ఎవరూ చదవరు. రోజుకు నాలుగు ముక్కలు రాయకపోతే అక్షరాలు మర్చిపోతావు భద్రమ్మా అని టీచరు చెప్పింది. అందుకే రాస్తున్నాను.

ఇంట్లో సంగతి. నడిమింట్లో నీ మగ్గం అట్లాగే ఉంది. చీర సగం దాటింది. నువ్వు నేసి లేచిన కాడికే ఆగింది. నీ పక్కన కూర్చుని నేసే రాముడు దాని దగ్గరికి పోవడం లేదు. అరుగు మీద కూర్చుంటాడు. సంగటి పెడితే పిసికి పిసికి కుక్కకు వేస్తాడు. కుక్క బలిసింది. అతని చొక్కాలో ఇద్దరు పట్టేట్టున్నారు.

20 ఆగస్టు

నీ దినం రోజు సంగతి రాయలేదు.

ఎండిన వంక ఇసుకలో విస్తరి పెట్టారు. ఓళిగలు, అలసంద వడలు, చిత్రాన్నం, అన్నీ నీకు ఇష్టమైనవే. కాకి రాలేదు. వానకు చూసినట్టు అందరం తలెత్తి చూశాం. మీ చిన్నాయన గోవిందప్ప ముందుకొచ్చి, మీ అమ్మను నేను చూసుకుంటాను, వచ్చి తినప్పా అన్నాడు. రాలేదు. నీ మగ్గం చోటులో మా వెంకటేశు నేస్తాడులే, దిగులు పడొద్దు అన్నాడు. రాలేదు. పక్కింటి తిప్పమ్మ నా చెవిలో, ఈ కరువుకు కాకులు కూడా బెంగుళూరికి కూలికి పోయినట్టుండాయక్కా అంది. అప్పుడు కూడా నాకు నవ్వొచ్చింది. ఏం మనిషినో నేను.

రాముడు దూరంగా తుమ్మచెట్టు కాడ నిలబడి ఉన్నాడు. ఏడేండ్లు మన ఇంట్లో తిన్నవాడు. ఎవరూ పిలవలేదు. అతని చేతులు ఉత్తగా వేలాడుతున్నాయి, పోగును అటూ ఇటూ మోసే నాడె లేని చేతులు. నేను అతని వైపు చూసి లోపల్లోపలే అన్నాను. గుండప్పా, వాడిని పోనివ్వను. వాడికి నా చేత్తో అన్నం పెడతాను.

కాకి అప్పుడూ రాలేదు. ఎండకు ఓర్వలేక విస్తరి ఆవుకు పెట్టి వచ్చేశాం.

కాకి రాకపోతే పోయె. మాట ఇచ్చేశాను.

22 ఆగస్టు, గురువారం

ఈరోజు చిన్నాయన కత్తెర తీసుకుని వచ్చాడు.

మన ఇంటి ఆనవాయితీ ఉంది కదా. ఊరందరి పెళ్లిచీరలూ ఎవరెవరో నేస్తారు. మన ఇంటికి వచ్చే పెళ్లికూతురి చీర మాత్రం పెళ్లికొడుకే నేయాలి, పక్క సీటులో వాళ్లమ్మ కూర్చోవాలి. మీ నాయన నాకు అట్లాగే నేశాడు. ఉగాది పోయాక నువ్వు సొంత పట్టుతో పడుగు వేసినప్పుడు, ఇది షాపుకు కాదమ్మా, ఇంటికి అన్నావు. ముప్పై దాటినా పెళ్లి మాటెత్తనివ్వని వాడివి. పిల్ల ఎవరు అని వీధంతా అడిగింది. నువ్వు నవ్వావు. చిన్నాయన అయితే కదిరిలో పిల్లనే చూసి పెట్టాడు. నేను పక్క సీటులో కూర్చోబోతే, వద్దులేమ్మా, రాముడు ఉన్నాడు అన్నావు.

ఇప్పుడు చిన్నాయన చెప్పేది, పెళ్లి కాకుండా పోయినవాడి పెళ్లిచీర మగ్గం మీద ఉండకూడదట. కోసి నీళ్లలో విడవాలట. ఏ నీళ్లలో, చెరువులో దుమ్ము లేస్తూ ఉంటే? ఆ తర్వాత మగ్గం విప్పాలట. వెంకటేశు తన మగ్గం దింపుకుంటాడట. ఆ బెళుగుప్ప మనిషికి కూడా ఇంక ఈడ పని లేదని చెప్పేయ్ వదినా అన్నాడు. రాముడు అరుగు మీదే ఉన్నాడు. వినపడాలనే అన్నాడు.

నేను పడుగుకు అడ్డంగా నిలబడ్డాను.

“చీర దిగినంక కత్తెర నేనే తెచ్చిస్తా. అంతవరకు దీని మీద చెయ్యి పడితే నా మీద పడినట్టే గోవిందప్పా.”

ఎవరు నేస్తారు, దెయ్యమా అన్నాడు. నేనే అన్నాను.

నవ్వాడు. “కండెలకు పోగు చుట్టేది వేరే వదినా. నాడె ఆడించేది వేరే.”

ఆయుధపూజ దాకా చూస్తానన్నాడు. ఆ రోజుకు చీర దిగకపోతే మగ్గం విప్పడమే, రాముడిని పంపేయడమే. సరే అన్నాను. కత్తెర మర్చిపోయి వెళ్లాడు. రాట్నం కింద దాచాను.

23 ఆగస్టు

ఆయన అన్నది నిజమే. నాకు కండెలు చుట్టడమే వచ్చు.

25 ఆగస్టు, ఆదివారం

ఊరికి పోతానమ్మా అన్నాడు రాముడు. పోదువులే, సగం చీర పెట్టి పోతావా అన్నాను. తల ఎత్తలేదు. మూడు నాడెల చీర ఒక్కరితో కాదు కదా. కుడి సీటు మనిషి కింద చెక్కలు తొక్కాలి, పోగు బిగించే పలక కొట్టాలి. ఎడమ సీటు మనిషి తన వైపు అంచు నాడెను ఒడిసి పట్టి తిరిగి ఇవ్వాలి. ఇద్దరి చేతులు ఒక్క ఊపిరిలో ఆడాలి. నువ్వు కుడి సీటులో కూర్చో, నేను పక్కన ఉంటాను అని రాముడితో అన్నాను.

చాలాసేపటికి లేచాడు. మగ్గం గుంటలోకి దిగాడు. తన ఎడమ సీటులోనే కూర్చున్నాడు. కుడి వైపు చూడనైనా చూడలేదు.

సరే, నేనే నీ చోటులో దిగాను. నాకు కొవ్వు ఎక్కువ. ముప్పై ఏండ్లు కండెలు చుట్టాను, పోగు ఎంత లాగితే తెగుతుందో నాకు తెలియదా అనుకున్నాను. రాట్నం కాడ పోగును బిగించి పట్టేది అలవాటు. అదే చెయ్యి ఇక్కడా చూపించాను. జాన నేసేసరికి అంచు కాల్చిన అప్పడంలా ముడుచుకుంది.

రాముడు నాడె పక్కన పెట్టాడు. నేను నేసింది పోగు పోగు విప్పాడు. నువ్వు నేసిన కాడికి వచ్చి ఆగాడు. ఆ చివరి పోగు మీద వేలు పెట్టి అట్లాగే ఉండిపోయాడు.

మళ్లీ మొదలుపెట్టాం.

27 ఆగస్టు

అంచు ఇంకా ముడుచుకుంటూనే ఉంది. తక్కువ.

28 ఆగస్టు, మధ్యాహ్నం

గుంటలో దిగితేనే కనపడేది ఒకటి ఉంది.

పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు కిటికీలోంచి ఎండ తిన్నగా గుంటలో పడుతుంది. కింద తొక్కుడు చెక్కలు చూశాను. నీ పాదం ఆనేచోట చెక్క అరిగి నున్నగా గిన్నెలా అయింది. అది సరే. దాని ఎడమ పక్కనే అరిగిన చోటు ఇంకోటి ఉంది. అంత లోతు లేదు. కానీ పాదమే, బొటనవేలి గుర్తు కూడా తెలుస్తుంది.

పక్క మనిషి కాళ్లకు మగ్గంలో పనే లేదు. ముడుచుకుని కూర్చున్నా చాలు.

నేను ఏం చూస్తున్నానో రాముడు చూశాడు. ముఖం గోడకు తిప్పుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. నేను నాడె తీసుకుని వేశాను. అతను అందుకోలేదు. కింద పడింది. మళ్లీ వేశాను. మూడోసారి అందుకున్నాడు.

పైన నాలుగు చేతులు పని చేస్తూ ఉంటే, కింద చీకట్లో రెండు పాదాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి, ఇన్నేండ్లు. వచ్చిపోయేవాళ్లకు కనపడలేదు, పక్కన కూర్చుని కండెలు అందించిన నాకు కనపడలేదు.

ఏడుపు రాలేదు. నా కొడుకు ఒంటరిగా లేడు అనుకున్నాను. అది ఒక్కటే అనుకున్నాను, సాయంత్రం దాకా.

29 ఆగస్టు

తెలుసు నాకు. చెక్కలు చెప్పకముందే తెలుసు. దానికి మాట తెలియక ఊరికే ఉన్నాను, అంతే.

కరువుకు బెళుగుప్ప నుంచి కూలి వెతుక్కుంటూ వచ్చిన మనిషిని బస్టాండులో చూసి ఇంటికి తెచ్చావు. ఎవరితోనూ మాట్లాడని వాడివి, వీధిలో పెండ్లి జరుగుతున్నా తలుపేసుకుని నేసేవాడివి. అమ్మా, ఈయన ఉదయం నుంచి ఏం తినలేదు అన్నావు. నీ గొంతులో అంత వెచ్చదనం నేను అంతకుముందు వినలేదు. చెనక్కాయలు పీకిన చేతులు అతనివి, వేళ్లు మొరటు. పట్టు పోగు పట్టుకుంటే పట్టుకున్నచోటల్లా తెగేది. నువ్వు విసుక్కోలేదు. తెగిన ప్రతి పోగూ అతికావు. నేను లెక్కలేనన్ని కండెలు వృథా అయ్యాయని గొణిగాను. నేర్చుకుంటాడులేమ్మా అన్నావు.

నేర్చుకున్నాడు. అప్పటి నుంచి మగ్గం చప్పుడే మారింది. అంతకుముందు నీ పలక దెబ్బ ఎవరి మీదో కోపం ఉన్నట్టు పడేది. తర్వాత నడిచేవాడి అడుగుల్లా పడేది. నేను వంటింట్లో ఉండి విని, ఇద్దరూ బాగున్నారు అనుకుని పొయ్యి ఊదుకునేదాన్ని.

సాయంత్రం సైకిలు. అతను తొక్కేవాడు, నువ్వు వెనక కూర్చునేవాడివి. చెరువు కట్ట దాకా పోయి వచ్చేవాళ్లు. ఎండిన చెరువులో ఏం చూస్తారురా అని అడిగితే, ఆడ గాలి ఉంటుందమ్మా అన్నాడు రాముడు. నువ్వు పక్కకు తిరిగి నవ్వావు.

ఒకసారి అతని అన్న వచ్చి పిల్లను చూడాలని ఊరికి పిలుచుకుపోయాడు. నువ్వు మగ్గం ముందు కూర్చున్నావు, పలక మాత్రం కదల్లేదు. అన్నం పెడితే ఆకలి లేదన్నావు. మర్నాడు సాయంత్రం వాకిట్లో చెప్పుల చప్పుడు. పిల్ల నచ్చలేదా అప్పా అని నేనే అడిగాను. పిల్ల బాగానే ఉందమ్మా, నేనే బాగాలేను అన్నాడు. నువ్వు వంటింట్లోకి వచ్చి, అమ్మా సంగటి పెట్టు, ఆకలిగా ఉంది అన్నావు. ఇద్దరికీ ఒకే పళ్లెంలో పెట్టాను. ఎందుకు అట్లా పెట్టానో అప్పుడు ఆలోచించలేదు.

పోయిన ఏడు అతనితో వాళ్ల ఊరికి పోయి వచ్చినప్పుడు అగ్గిపెట్టెలో ఒక చెనక్కాయ పువ్వు తెచ్చావు. వాడిపోయి ఉంది. రంగులు అద్దే ఆయనకు చూపించి, ఇదే పసుపు కావాలి అన్నావు. ఈ పసుపు ఏ పెండ్లికూతురూ అడగదప్పా అన్నాడట. నాకు కావాలి అన్నావట.

ఆ పసుపే ఇప్పుడు నా ఒడిలో ఉంది.

31 ఆగస్టు

ఈ చీర ఎవరికి అని రాముడిని అడిగాను. నాడె ఆగింది.

చెప్పడేమో అనుకున్నాను. పడుగును చూస్తూ చెప్పాడు.

“మగోనికి చీరెందుకప్పా అంటి. కప్పుకుందువులే, సలికాలం వస్తాది అన్నాడు.”

తర్వాత ఇద్దరం మళ్లీ నాడె అందుకున్నాం. అంచు ఈరోజు ముడుచుకోలేదు.

3 సెప్టెంబరు

అంచులో నెమళ్లు వస్తున్నాయి. నువ్వే గ్రాఫ్ పేపరు మీద గీసి మగ్గానికి డిజైను అట్టలు కొట్టించావు. ఎదురెదురుగా రెండు, ముక్కులు దగ్గరగా.

నేస్తూ నేస్తూ చూశాను. రెండింటికీ తోకలు ఉన్నాయి.

నెమలికి తోక ఉంటే మగది. నువ్వు కావాలని గీశావా అనుకున్నాను. లేచి వెళ్లి పెట్టె తెరిచి నా పెళ్లిచీర తీశాను. మీ నాయన నేసింది. దాంట్లోనూ రెండు నెమళ్లు, రెండింటికీ తోకలు. తిప్పమ్మ ఇంటికి పోయి దాని కూతురి చీర చూపించమన్నాను. అదీ అంతే. ధర్మవరంలో ఇన్ని పెళ్లిచీరలు నేశారు. తాతల కాలం నుంచి అంచుల మీద ముక్కూ ముక్కూ ఆనించి కూర్చున్నవి రెండు మగ నెమళ్లే. పురోహితుడు చూశాడు, అత్తలు చూశారు, ఒక్కరూ ఏం అనలేదు.

గట్టిగా నవ్వాను. ఏమైందక్కా నీకు అని తిప్పమ్మ నా నుదురు ముట్టుకుని చూసింది.

4 సెప్టెంబరు

రాముడికి చెప్పాను. చాలాసేపు అంచును చూశాడు. తర్వాత నవ్వాడు. నువ్వు పోయిన తర్వాత మొదటిసారి. ముందు పన్ను ఒకటి వంకర అని నాకు గుర్తే లేదు.

కానీ సంగటి ఇంకా కుక్కకే పోతోంది.

8 సెప్టెంబరు, ఆదివారం

తిప్పమ్మ వచ్చి కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. ఏంటో చెప్పవే అన్నాను. వీధి కొళాయి కాడ ఆడవాళ్లు అనుకుంటున్నారట. కొడుకు పోయాక కూడా ఆ పరాయి మగవాడు ఇంట్లో ఎందుకు, ముండమోపిది పొద్దంతా అతని పక్కన గుంటలో కూర్చునేది ఏంది అని. నేను అనలేదక్కా, విన్నా అంతే అంది తిప్పమ్మ. దానికి వినడం ఇష్టం.

నాకు యాభై ఆరేండ్లు. ఒక కంట్లో పొర కమ్ముకుంటోంది. పోగు తెగితే అతికేది కూడా రాముడే. నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

రాముడు అరుగు మీద ఉన్నాడు. విన్నాడు.

9 సెప్టెంబరు

తెల్లవారి చూస్తే అరుగు మీద రాముడు లేడు, అతని బట్టల మూట లేదు.

12 సెప్టెంబరు

మూడు బస్సులు మారాను. ధర్మవరం నుంచి అనంతపురం, అక్కడి నుంచి ఉరవకొండ, అక్కడి నుంచి బెళుగుప్ప. ఉరవకొండ బస్సులో మేకతో సహా ఎక్కిన ముసలాయన, కొడుకు ఊరికా అని అడిగాడు. అవును అన్నాను. ఒడిలో సంగటి మూట ఉంది, ఊరిబిండి పచ్చడి వేరే ఆకులో.

ఊళ్లో అడిగితే వాళ్ల ఇల్లు చూపించారు. అతని వదిన మారెక్క వాకిట్లో చేట చెరుగుతోంది. చెరిగేదాంట్లో రాళ్లే ఎక్కువ. నేను ఎవరో చెప్పగానే చేట దించింది. ఆయన వచ్చిన కాడినుంచి గోడకు ఆనుకొని కూర్చోవడమే, కూలికి పనికిరాడు, తిండికి పనికిరాడు అంది. నేను పిలుచుకుపోతానంటే మాత్రం ముఖం మార్చింది.

“బిడ్డను పోగొట్టుకుంటివి. ఇంగ మా మరిదిని పట్టుకపోను వచ్చినావా ఏమమ్మా?”

“అవునమ్మా. పట్టుకపోనే వచ్చినా.”

మారెక్క లేచి కొంగు దులుపుకుంది. చేను చూపించింది.

చేను అంటే ఎర్రమట్టి, దాని మీద అక్కడక్కడా వెంట్రుకల్లాంటి చెనక్కాయ మొక్కలు. వాన పడక మోకాలికి రావాల్సిన చెట్టు మడమ దాటలేదు. రాముడు గట్టు మీద ఉన్నాడు. నన్ను చూసి లేచాడు, మళ్లీ కూలబడ్డాడు. నీ మీద ఊరు మాటలు అంటావుంది, నేను లేకుంటే ఆగిపోతాయి, నాకోసం నీ పేరు చెడగొట్టుకోవద్దమ్మా అన్నాడు. గుండప్పా, నీ పేరు ఎత్తలేదు. నీ పేరు ఎత్తకుండా మాట్లాడడం అతనికి ఎంత కష్టంగా ఉందో చూశాను.

పక్కన కూర్చున్నాను. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబెట్టుకున్నది అంతా పోయింది. ఇంతే చెప్పాను.

“నా కొడుక్కు నువ్వేమైతావో నాకు తెలుసప్పా. గుంటలో చెక్కలు చెప్పినాయి. వానికి ఏమైతావో నాకూ అదే. ఊరి నోరు మూసేకి నా కాడ చేతుల్లేవు, నాడె పట్టేకి రెండు ఉండాయి. ఇంగ రెండు నీవి కావాల.”

అప్పుడు ఏడ్చాడు. దినం రోజు ఏడవలేదు, ఎవరిగా ఏడవాలి అతను? ఇప్పుడు ఏడ్చాడు. చేతులు నేల మీద ఆనించి, మట్టిని పట్టుకుని. నేను వీపు మీద చెయ్యి వేసి ఊరికే ఉన్నాను. నాకూ వచ్చింది. పొద్దు వాలేదాకా ఇద్దరం ఆ పనే చేశాం.

ఆ తర్వాత మూట విప్పాను. సంగటి గట్టిపడింది. తిన్నాడు. ఒక ముద్ద, ఇంకో ముద్ద. ఊరిబిండిలో కారం ఎక్కువైందమ్మా అన్నాడు. అట్లాగే ఉంటుంది, తిను అన్నాను.

లేస్తుంటే గట్టు పక్కన ఒక్క మొక్క పూసి ఉంది. గోరంత పువ్వు. అదే పసుపు. ఇద్దరం చూశాం. కోయలేదు.

14 సెప్టెంబరు

మగ్గం కాడికి వచ్చి రాముడు నిలబడ్డాడు. నేను కుడి సీటులో దిగబోతుంటే, నువ్వు ఇటు రా అమ్మా అన్నాడు.

నీ చోటులో దిగాడు. మెల్లగా పాదం ఆ గిన్నెలో పెట్టాడు. సరిపోయింది. కళ్లు మూసుకుని ఒకసారి తొక్కాడు.

నేను పక్క సీటులో కూర్చున్నాను. పెళ్లిచీరకు అమ్మ కూర్చోవాల్సిన చోటే కదా అది. వద్దులేమ్మా అన్నావు అప్పుడు. ఇప్పుడు కూర్చున్నాను చూడు.

22 సెప్టెంబరు

నా చెయ్యి నెమ్మదించింది. నాడె వచ్చేది కంటికి సరిగా కనపడదు, చప్పుడును బట్టి పడుతున్నాను.

తిప్పమ్మ కొళాయి కాడ ఎవరితోనో పోట్లాడి వచ్చింది. దేని గురించి అని అడిగితే చెప్పలేదు. బిందె సొట్టపోయింది.

30 సెప్టెంబరు

సాయంత్రాలు రాముడికి అక్షరాలు నేర్పుతున్నాను. నీ పేరే మొదట కావాలన్నాడు. నరసింహప్పలో సున్న కాడ తప్పుతాడు. గుండప్ప సులభం అన్నాను. అది నువ్వు పిలిచేదమ్మా, నేను పిలవను అన్నాడు. మరి నువ్వు ఏమని పిలిచేవాడివి అంటే తల వంచుకున్నాడు. అడగడం మానేశాను. కొన్ని మీవి.

9 అక్టోబరు

వాన. దుమ్ము అణిగేంత. పట్టు పోగు కొంచెం మెత్తబడింది.

ఆయుధపూజకు ముందు రోజు

చీర దిగింది.

కత్తెర రాట్నం కింద నుంచి నేనే తెచ్చాను. కోసింది రాముడు. మడత విప్పి నడిమింట్లో పరిచాం. చెనక్కాయ పూల పసుపు, ఎర్ర అంచు, పొడుగునా నెమళ్లు. సగం దాటాక అడ్డంగా ఒక గీత ఉంది. మగ్గం నిలిచిపోతే పడే గీత. నువ్వు ఆగిన చోటు. ఎంత బాగా నేసినా అది పోదు. షాపువాడైతే తీసుకోడు. ఆ గీత దాటాక కొంతదూరం నా అప్పడాల అంచు, వంకర టింకర. తర్వాత మెల్లగా తిన్నగా అవుతుంది.

ఆయుధపూజ రోజు

మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టాం. చిన్నాయన వచ్చాడు. వెంకటేశును కూడా తెచ్చాడు, మగ్గం విప్పడానికేమో. చీర చూశాడు.

నేను పళ్లెంలో ఆకూ వక్కా, పసుపు కొమ్ము పెట్టి, దాని మీద చీర మడిచి పెట్టాను. కోడలికి పెట్టే పద్ధతే, నాకు ఇంకో పద్ధతి తెలియదు. రాముడిని పీట మీద కూర్చోమన్నాను. అతను భయపడ్డాడు. కూర్చోమన్నాను. ఒడిలో పళ్లెం పెట్టాను.

“ఇది ఏమి వదినా?” అన్నాడు చిన్నాయన.

“చీర ఎవరికి నేసినాడో వాళ్లకు ఇచ్చినా. ఇంటి మనిషికి పెట్టేది పెట్టినా.”

గుమ్మంలో తిప్పమ్మ నోరు తెరుచుకుని ఉంది, చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయింది. చిన్నాయన ముఖం నల్లబడింది. పెద్ద మాట ఏదో నోటి దాకా వచ్చింది, నేను చూశాను. నేనూ సిద్ధంగా నిలబడ్డాను. కానీ ఆయన ఎంతైనా నేతగాడు. కళ్లు చీర మీదికే పోయాయి. వంగి మడత విప్పి, ఆ గీత దొరికేదాకా వేలితో వెతికాడు. వేలు ఆ గీత మీద ఆగింది.

“ఈడ ఆగినాడు,” అన్నాడు.

రాముడు తల ఊపాడు.

చిన్నాయన లేచాడు. నీళ్లు ఇస్తే తాగలేదు. భోజనానికి ఉండమంటే ఉండలేదు. గుమ్మం కాడ చెప్పులు వేసుకుంటూ, మగ్గం పైకొయ్య ఒకటి వదులైంది, చూసుకోండి అని గోడకు చెప్పినట్టు చెప్పి వెళ్లాడు.

విప్పమనలేదు. పంపేయమనలేదు.

2 నవంబరు

చలి మొదలైంది. తెల్లవారుజామున వాకిలి ఊడ్చడానికి లేచాను. అరుగు మీద రాముడు నిద్రపోతున్నాడు, ముడుచుకోకుండా, కాళ్లు చాపుకుని. మెడ దాకా పసుపు. ఆ గీత సరిగ్గా గుండె మీదికి వచ్చింది.

చీపురు చప్పుడు కాకుండా ఊడ్చాను.

6 డిసెంబరు, శుక్రవారం

రాముడూ,

ఈ పేజీ నీది. తొందరపడకుండా ఒక్కొక్క అక్షరం పట్టుకుని చదువు.

తిప్పమ్మను తోడు తీసుకుని కంటి ఆపరేషనుకు అనంతపురం పోతున్నా. నిన్ను లేపలేదు. పొయ్యి మీద సంగటి మూత పెట్టి ఉంది. ఊరిబిండి రోట్లోనే ఉంది, కారం తగ్గించాను. కుక్కకు నేను వేరే పెట్టాను.

కడుపు నిండా తిను.